చిన్న కేబినెట్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చడం: కొలతల నుంచి చివరి పరీక్ష దాకా

కార్యాలయాలు వదిలించుకున్న సన్నటి డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల తక్కువ ధరకు దొరుకుతున్నందువల్ల వాటిని కొన్నవారందరూ కొద్ది రోజులకే ఒకే ప్రశ్న అడుగుతున్నారు: దీనిలో గ్రాఫిక్స్ కార్డు వేయవచ్చా, వేస్తే ఏది వేయాలి? వేయవచ్చు. అయితే పెద్ద కేబినెట్‌లో మాదిరిగా ముందు కార్డు కొని తరువాత బిగించుకుందామంటే కుదరదు. ఎత్తు, మందం, పొడవు, విద్యుత్తు, బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) అనే ఐదు హద్దులు తేలిన తరువాతే కార్డు పేరు ఎత్తాలి.

ఉదాహరణగా డెల్ ఆప్టిప్లెక్స్ 9020 చిన్న కేబినెట్ నమూనాను తీసుకుంటున్నాను. ఇంటెల్ 4వ తరం ప్రాసెసర్, 255 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు విద్యుత్తు అందించే పెట్టె) ఉన్న యంత్రం ఇది. హెచ్‌పీ, లెనోవో సంస్థల అదే కాలపు యంత్రాలకు కూడా ఈ క్రమమే పనికివస్తుంది. తేడా వచ్చే చోట చెబుతాను.

## 1. మీ యంత్రం ఏదో తేల్చుకోండి

ఒకే నమూనా సంఖ్యతో కంపెనీలు మూడు నాలుగు పరిమాణాల కేబినెట్లు అమ్మాయి. 9020 అంటే నిలువుగా నిలబెట్టే పెద్ద టవర్ కావచ్చు, మానిటర్ కింద పడుకోబెట్టే సన్నటి పెట్టె కావచ్చు, పుస్తకమంత మైక్రో కూడా కావచ్చు. టవర్ అయితే మామూలు ఎత్తు కార్డులు పడతాయి. మైక్రో తరహా పెట్టెల్లో సాధారణంగా గ్రాఫిక్స్ స్లాటే (కార్డు గుచ్చే గాడి) ఉండదు. ఈ వ్యాసం మధ్యలో ఉన్న సన్నటి పెట్టె గురించి.

విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని ఆంగ్లంలో టైపు చేస్తే నమూనా పేరు, ప్రాసెసర్, బయాస్ వెర్షన్, బయాస్ మోడ్ అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఆ తెరను ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. ముందు ముందు నాలుగుసార్లయినా అవసరం పడుతుంది.

## 2. టేపు పట్టి కొలవండి

కరెంటు తీసి, మూత తెరిచి, ఈ మూడు కొలతలు కాగితం మీద రాసుకోండి.

ఎత్తు. సన్నటి కేబినెట్ వెనుక ఉండే స్లాటు పట్టీ సుమారు 80 మి.మీ. పొడవుంటుంది, మామూలు కార్డు పట్టీ సుమారు 120 మి.మీ. మీకు కావలసింది లో ప్రొఫైల్ కార్డు, అంటే సర్క్యూట్ బోర్డు ఎత్తు 69 మి.మీ.కు మించనిది. పట్టీ ఒక్కటి మార్చి మామూలు కార్డును ఇరికించవచ్చని కొందరు అనుకుంటారు. బోర్డే ఎత్తుగా ఉన్నప్పుడు పట్టీ మార్చి ప్రయోజనం లేదు, మూత పడదు.

మందం. ఒక్కో స్లాటుకు 20 మి.మీ. చోటు ఉంటుంది. కార్డు మీద ఉన్న ఫ్యాను, హీట్‌సింకు ఆ హద్దు దాటితే అది రెండు స్లాట్ల కార్డు. పొడవైన గ్రాఫిక్స్ స్లాటు ఎటువైపు ఉందో, దాని పక్కన ఖాళీ స్లాటు ఉందో, లేక నేరుగా ఎస్‌ఎంపీఎస్ గోడ ఉందో మీ కళ్లతో చూడండి. గోడ ఉంటే ఒక్క స్లాటు కార్డే గతి.

పొడవు. వెనుక పట్టీ నుంచి ఎదురుగా అడ్డొచ్చే మొదటి వస్తువు దాకా కొలవండి. ఆ వస్తువు హార్డ్ డిస్కు తొట్టి కావచ్చు, ముందు ఫ్యాను కావచ్చు, సాటా కేబుల్ (డిస్కుకు వెళ్లే తీగ) తల కూడా కావచ్చు. రెండు ఫ్యాన్ల లో ప్రొఫైల్ కార్డులు 180 మి.మీ. దాకా ఉంటాయి. డిస్కు తొట్టిని తిరిగి అమర్చిన తరువాత పైనుంచి ఎంత చోటు మిగులుతుందో కూడా చూడండి, ఎందుకంటే 9020లో ఆ తొట్టి లోపలి భాగాల మీదికి కప్పుకొని ఉంటుంది.

ఇంకొక మాట: ఈ యంత్రంలో పొడవైన స్లాట్లు రెండు కనిపిస్తాయి. రెండూ చూపుకు ఒకటే అయినా ఒకదానికి 16 లేన్లు (డేటా దారులు), రెండోదానికి 4 లేన్లు మాత్రమే ఉంటాయి. ఆ రెండోది ప్రాసెసర్ నుంచి కాక చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్పు) నుంచి వచ్చేది కనుక పాత తరం వేగంతోనే నడుస్తుంది. కార్డు 16 లేన్ల దానిలోకే వెళ్లాలి. డెల్ బోర్డుల్లో అది సాధారణంగా నీలం రంగులో ఉంటుంది.

## 3. వాట్ల లెక్క

చిన్న కేబినెట్లలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది కాబట్టి ఈ భాగాన్ని దాటేయకండి.

స్లాటు ద్వారా కార్డుకు అందే విద్యుత్తు ప్రమాణం ప్రకారం గరిష్ఠంగా 75 వాట్లు. ఈ ఎస్‌ఎంపీఎస్‌లలో కార్డుకు విడిగా ఇచ్చే 6 పిన్నుల తీగ ఉండదు కనుక కార్డు మొత్తం ఆ 75 వాట్లలోనే బతకాలి. పైగా కొన్ని హెచ్‌పీ చిన్న కేబినెట్ల వివరాల్లో గ్రాఫిక్స్ స్లాటుకు 35 వాట్ల పరిమితినే పేర్కొన్నారు. మీ నమూనా సేవా పత్రాన్ని కంపెనీ సైటు నుంచి దించుకొని ఆ అంకె ఉందేమో వెతకండి.

ఇప్పుడు మొత్తం లెక్క చూద్దాం. ఐ5-4590 ప్రాసెసర్‌కు 84 వాట్లు; మదర్‌బోర్డు, మెమరీ, ఫ్యాన్లకు కలిపి 35 వేసుకుందాం; హార్డ్ డిస్కుకు, ఎస్‌ఎస్‌డీకి 15. ఇంతవరకు 134. దీనికి 75 వాట్ల కార్డు చేర్చితే 209 అవుతుంది. కాగితం మీద 255 లోపే ఉంది కదా అనిపిస్తుంది, కానీ పదేళ్లకు పైగా కార్యాలయంలో నడిచి వచ్చిన ఎస్‌ఎంపీఎస్ కొత్తప్పటి సత్తువతో ఉంటుందని నేను నమ్మను. అందుకే ఇలాంటి యంత్రాలకు 50 వాట్ల దగ్గర గీత గీసుకుంటాను. 75 వాట్ల కార్డు వేసి ఏళ్ల తరబడి నడుపుతున్నవారు ఉన్నారు. నడవదని అనడం లేదు, ఎండాకాలం మధ్యాహ్నం గంటల తరబడి ఆట ఆడేవారికి అది నా సలహా కాదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. 9020లో మదర్‌బోర్డుకు వెళ్లే ప్రధాన కనెక్టరు 24 పిన్నులది కాదు, డెల్ సొంత 8 పిన్నులది. చోటు ఎలాగూ చాలదు. ఆ దారి వదిలేయండి.

సాటా తీగ నుంచి 6 పిన్నులకు మార్చే చవక అడాప్టరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. సాటా కనెక్టరులో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు మోయగలదు. అంటే 54 వాట్లు. 6 పిన్నుల కార్డు దాని నుంచి 75 వాట్లు లాగవచ్చు. ప్లాస్టిక్ కరిగి, మాడు వాసన వచ్చాక తెలుసుకోవలసిన విషయం కాదిది.

## 4. బయాస్, ప్రాసెసర్ సహకరిస్తాయా?

బయాస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉంటే సగం చిక్కు తీరినట్టే. లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే, కొత్త తరం కార్డు పెట్టినప్పుడు తెర నల్లగా ఉండిపోయే అవకాశం ఉంది. 2, 3 తరాల ప్రాసెసర్లున్న యంత్రాలలో ఇది తరచుగా ఎదురవుతుంది. కంపెనీ విడుదల చేసిన చివరి బయాస్‌ను ముందుగా ఎక్కించడం వల్ల చాలాసార్లు తీరుతుంది. ఇంకా పాతవైన కోర్ 2 కాలపు యంత్రాలకు కొత్త కార్డు కొనవద్దు.

స్లాటు వేగం ప్రాసెసర్ మీద కూడా ఆధారపడుతుంది. ఐ5-2400 లాంటి 2వ తరం ప్రాసెసర్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ఈ స్లాట్ల ప్రమాణం) 2.0 వేగమే వస్తుంది. 3, 4 తరాల ఐ5లకు 3.0 వస్తుంది. తక్కువ లేన్లు వాడే కార్డుల ఎంపికలో దీని ప్రభావం ఎక్కువ.

## 5. ఇప్పుడు కార్డు ఎంచుకోండి

ఎన్విడియా జీటీ 1030. 30 వాట్లు, సన్నగా ఉంటుంది, ఎందులోనైనా పడుతుంది. అయితే ఇదే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. జీడీడీఆర్5 మెమరీ రకం సెకనుకు 48 గిగాబైట్లు అందిస్తే, డీడీఆర్4 రకం 17 కూడా అందించదు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి, జీడీడీఆర్5 కాకపోతే తిరిగి ఇచ్చేయండి. దీనిలో వీడియో ఎన్‌కోడర్ (వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగం) లేదు కనుక వీడియోలు ఎడిట్ చేసేవారు దీని జోలికి వెళ్లనక్కరలేదు.

ఎన్విడియా క్వాడ్రో తరగతి టీ400, టీ600, టీ1000. వరుసగా 30, 40, 50 వాట్లు. మూడూ ఒక్క స్లాటువే, లో ప్రొఫైల్‌వే, ఎన్‌కోడర్ ఉన్నవే. వర్క్‌స్టేషన్ కార్డులు ఆటలకు పనికిరావన్నది అపోహ. చోటు, కరెంటు రెండూ తక్కువగా ఉన్న పెట్టెకు నా మొదటి ఎంపిక టీ600, డబ్బు చాలితే టీ1000. వీటికి మినీ డిస్‌ప్లేపోర్టులు మాత్రమే ఉంటాయి కనుక మార్పిడి తీగల ఖర్చును ధరలో కలుపుకోండి.

ఏఎండీ ఆర్ఎక్స్ 6400. 53 వాట్లు, ఒక్క స్లాటు నమూనాలు దొరుకుతాయి. ఆకర్షణీయంగా కనిపించినా ఇది 4 లేన్లే వాడుతుంది, అదీ 4.0 వేగాన్ని ఉద్దేశించి చేసినది. 3.0 స్లాటులో కొంత కోల్పోతుంది, 2.0లో బాగా కోల్పోతుంది. దీనిలోనూ ఎన్‌కోడర్ లేదు.

ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 లో ప్రొఫైల్ నమూనాలు. 75 వాట్లు, ఎక్కువగా రెండు స్లాట్లవి. చోటు ఉండి, ఎస్‌ఎంపీఎస్ మీద నమ్మకం ఉంటే సరే. 1050 టీఐతో పాటు అదే తరానికి చెందిన జీటీ 1030కి కూడా ఆటల కోసం కొత్త డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయని, ఇకపై భద్రతా సవరణలే వస్తాయని గుర్తుంచుకొని బేరమాడండి.

ఇంటెల్ ఆర్క్. ఈ యంత్రాలకు వద్దు. రీసైజబుల్ బార్ అనే సదుపాయం (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే వీలు) లేని బోర్డుల్లో వీటి పనితీరు బాగా పడిపోతుంది. 4వ తరం కార్యాలయ బోర్డుల్లో ఆ సదుపాయం లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే దుకాణంలోనే కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాధనాన్ని నడిపి చూపించమనండి. పాత కార్డు బయాస్ మార్చి 1050 టీఐ అని అమ్మే మోసం ఉంది. అలాంటి వాటిలో చాలావాటిని ఆ సాధనం కార్డు పేరుకు ముందు నకిలీ (FAKE) అని చూపిస్తుంది.

## 6. మానిటర్ తీగ మరచిపోవద్దు

మా ఇంట్లో మొదటిసారి చేసిన పనిలో కార్డు చక్కగా కూర్చుంది, ఫ్యాను తిరిగింది, బొమ్మ మాత్రం రాలేదు. మానిటర్‌కు ఉన్నది పాత వీజీఏ ఒక్కటే. కార్డుకు ఉన్న డీవీఐ-డీ పోర్టులో అనలాగ్ సంకేతమే రాదని, యాభై రూపాయల చిన్న కన్వర్టరుతో అది పుట్టదని ఆదివారం రాత్రి దుకాణాలన్నీ మూసేశాక తెలిసింది.

వీజీఏ మానిటర్ అయితే లోపల చిప్పు ఉన్న యాక్టివ్ కన్వర్టరు కావాలి. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే తీగలు ఒకే దిశలో పనిచేస్తాయి. కార్డు వైపు డిస్‌ప్లేపోర్టు, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉన్నది అడిగి తీసుకోండి.

## 7. ముందురోజే ముగించవలసిన పనులు

- ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేశాను.
- బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) ఉందేమో చూశాను. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకొని, తాత్కాలికంగా నిలిపివేశాను. బయాస్‌ను తాకితే ఆ కీ అడగవచ్చు.
- చివరి బయాస్ ఎక్కించాను, యూపీఎస్ మీద ఉండగానే ఎక్కించాను.
- కొత్త కార్డు డ్రైవర్ దించి డెస్క్‌టాప్ మీద పెట్టాను.
- పాత కార్డు ఉంటే దాని డ్రైవర్ తీసేశాను. ఏఎండీ నుంచి ఎన్విడియాకు గాని, అటు నుంచి ఇటు గాని మారుతుంటే సేఫ్ మోడ్‌లో, డ్రైవర్లను పూర్తిగా తుడిచే డీడీయూ సాధనంతో శుభ్రం చేశాను.
- సీఆర్2032 బ్యాటరీ ఒకటి కొన్నాను. ఇంత పాత బోర్డు తెరిచినప్పుడు సీమాస్ బ్యాటరీ (బయాస్ అమరికలను, గడియారాన్ని నిలిపి ఉంచేది) మార్చకపోతే వచ్చే నెల మళ్లీ తెరవాలి.
- స్టార్ స్క్రూడ్రైవర్, 5 మి.మీ. నట్ డ్రైవర్, దుమ్ము దులపడానికి బ్రష్ సిద్ధంగా ఉన్నాయి.

## 8. పట్టీ మార్చడం

లో ప్రొఫైల్ కార్డులు చాలావరకు పొడవు పట్టీతో వస్తాయి. పొట్టి పట్టీ విడిగా సంచిలో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పొట్టి పట్టీ ఉందా అన్నది మొదటి ప్రశ్న కావాలి, ఎందుకంటే విడిగా దొరకడం కష్టం.

కార్డును యాంటీస్టాటిక్ సంచి మీద పడుకోబెట్టండి. పట్టీని పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు తీయండి. డీవీఐ పోర్టు ఉన్న కార్డుకు, పోర్టుకు రెండు పక్కలా ఆరు పలకల నట్లు ఉంటాయి. వాటిని కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పితే అంచులు అరిగిపోయి తరువాత కదలవు. నట్ డ్రైవర్‌తోనే తీయండి. కొత్త పట్టీ పెట్టాక ముందు చేత్తో తిప్పి, పోర్టులన్నీ రంధ్రాల మధ్యకు వచ్చాయని చూసి, అప్పుడు బిగించండి.

ఈ పనిని కేబినెట్ పైన పట్టుకొని చేయవద్దు. ఒకసారి నా చేతిలో నుంచి జారిన నట్టు మదర్‌బోర్డు కిందికి దొర్లి వెళ్లింది. దాన్ని బయటికి తీయడానికి బోర్డు మొత్తం విప్పవలసి వచ్చింది. అలాగే వదిలి కరెంటు ఇచ్చి ఉంటే బోర్డు మిగిలేది కాదు.

## 9. బిగించే క్రమం

1. యంత్రాన్ని షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, తీగ పీకేయండి. తరువాత కేబినెట్ పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచితే లోపల నిలిచిన విద్యుత్తు పోతుంది.

2. మూత తీయండి. డిస్కు తొట్టికి వెళ్లే తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటో తీసి, విడదీసి, గొళ్లెం నొక్కి తొట్టిని పైకి ఎత్తండి.

3. కేబినెట్ లోహాన్ని చేత్తో తాకండి. శరీరంలోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ఇక మీదట సింథటిక్ చాప మీద నడవవద్దు.

4. స్లాటులో, ప్రాసెసర్ హీట్‌సింకులో దుమ్ము దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలను వేలితో ఆపి ఉంచండి. సీమాస్ బ్యాటరీని కూడా ఇప్పుడే మార్చండి.

5. వెనుక గొళ్లెం తెరిచి ఖాళీ పట్టీని తీసి దాచండి. రెండు స్లాట్ల కార్డయితే రెండు పట్టీలు తీయాలి.

6. కార్డును అంచులతో పట్టుకొని, పట్టీ కింది నాలుకను ముందు కేబినెట్ సందులోకి జార్చి, తరువాత స్లాటు మీద రెండు చివరలా సమంగా నొక్కండి. స్లాటు చివరి గొళ్లెం టక్కుమని పడాలి. బంగారు రంగు అంచు స్లాటు పైన గీతలా సమంగా కనిపించాలి. ఒకవైపు ఎక్కువ కనిపిస్తే పూర్తిగా దిగలేదు.

7. వెనుక గొళ్లెం మూయండి. మూసేటప్పుడు కార్డు పైకి లేస్తే పట్టీ సరిగా కూర్చోలేదని అర్థం. బలవంతం చేయకుండా మళ్లీ మొదలుపెట్టండి.

8. తొట్టి తిరిగి పెట్టేముందు ఏ తీగా కార్డు ఫ్యానుకు తగలడం లేదని చూడండి.

మూత ఇప్పుడే వేయవద్దు.

## 10. మొదటిసారి ఆన్ చేయడం

మానిటర్ తీగను కొత్త కార్డుకు పెట్టండి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో అత్యధికం, తీగ ఇంకా మదర్‌బోర్డు పోర్టుకే ఉండటం వల్ల వచ్చినవే.

ఆన్ చేసిన వెంటనే డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. బ్యాటరీ మార్చినందున తేదీ, సమయం, డిస్కు మోడ్, బూట్ మోడ్ పాత విధంగానే ఉన్నాయా చూసి సరిచేయండి. లేకపోతే విండోస్ తెరుచుకోదు, మీరు కార్డును నిందిస్తారు. వీడియో విభాగంలో ప్రాథమిక డిస్‌ప్లే ఆటో మీద ఉంటే చాలు.

విండోస్ తెరుచుకున్నాక బొమ్మ పెద్దగా, మసకగా ఉంటుంది; డ్రైవర్ లేనందువల్ల అంతే. దించి ఉంచిన డ్రైవర్‌ను క్లీన్ ఇన్‌స్టాల్ ఎంపికతో ఎక్కించి, పునఃప్రారంభించండి.

## 11. పరీక్ష

జీపీయూ-జెడ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ గడిని చూడండి. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు 1.1 వేగం చూపించడం సహజం. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ పరీక్ష నడిపితే అసలు వేగం వస్తుంది. కార్డు 16 లేన్లదై ఉండి 4 చూపిస్తే తప్పు స్లాటులో పెట్టినట్టు.

తరువాత మూత వేసి, మీరు నిజంగా వాడే ఆటనో ఎడిటింగ్ పనినో అరగంట నడపండి. మూత తీసి పరీక్షిస్తే ఉష్ణోగ్రత తక్కువగా వచ్చి మోసపోతాం. 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 85 దాటితే పెట్టెను గోడకు దూరంగా జరిపి, దాని మీద పెట్టిన మానిటర్‌ను తీసి మళ్లీ చూడండి.

## 12. చిక్కులు, పరిష్కారాలు

ఫ్యాను తిరుగుతోంది, డిస్‌ప్లే రావడం లేదు. కార్డు తీసి, మదర్‌బోర్డు పోర్టుతో ఆన్ చేయండి. వస్తే బయాస్ వెర్షన్, సెక్యూర్ బూట్, లెగసీ అమరికలను ఒక్కొక్కటిగా మార్చి చూడండి. ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

బీప్‌లు వస్తున్నాయి. ఎన్నిసార్లో లెక్కపెట్టండి. పాత హెచ్‌పీ యంత్రాల్లో ఎర్ర దీపంతో ఆరు బీప్‌లు గ్రాఫిక్స్ లోపాన్ని సూచిస్తాయి. చాలాసార్లు కార్డు సగమే దిగి ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో బంగారు అంచును మెల్లగా తుడిచి, పొడి దులిపి, తిరిగి నొక్కండి.

ఆట మొదలవగానే యంత్రం ఆరిపోతోంది. ఎస్‌ఎంపీఎస్ తట్టుకోవడం లేదు. ఎన్విడియా కార్డులకు పవర్ లిమిట్ తగ్గించి చూడవచ్చు, కానీ అది తాత్కాలికమే. కార్డును తక్కువ వాట్ల దానితో మార్చుకోండి.

కార్డు బాగానే ఉంది, ఆట మాత్రం ఆగి ఆగి నడుస్తోంది. టాస్క్ మేనేజర్ చూడండి. ప్రాసెసర్ 100 శాతంలో, గ్రాఫిక్స్ 50 శాతంలో ఉంటే ఇంకా పెద్ద కార్డు కొని లాభం లేదు. మెమరీ ఒకే స్టిక్ ఉంటే అదే సామర్థ్యం గల ఇంకొకటి జత చేయండి; ఈ పాత ఐ5లకు ఆ చిన్న ఖర్చే ఎక్కువ తేడా చూపిస్తుంది.

అన్నీ కుదిరాక, తీసిన పొడవు పట్టీని, ఖాళీ స్లాటు పట్టీలను, మిగిలిన స్క్రూలను ఒక జిప్ కవర్లో వేసి, బయాస్ తేదీ, కార్డు పేరు రాసిన చీటీతో సహా కార్డు వచ్చిన పెట్టెలో దాచండి. కార్డు తిరిగి అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది ఆ పొడవు పట్టీ గురించే.